సదాచారము – లోకాచారము – మద్యవ్యసనము

(స్వాధ్యాయ పాఠము)

లింగాచారము, సదాచారము, శివాచారము, భృత్యాచారము, గణాచారము – ఇవి వీరశైవులకు పంచాచారములు. వీనిలో సదాచారమనగా నీతియుతమైన నడవడి, ధర్మబద్ధమైన కాయకము. మద్యమాంసములను వర్జించుట ఈ సదాచారములోని అంశముగా లింగధారుల యిండ్లలో తరతరములుగా పాటింపబడుచున్నది. పిల్లవానిని కూర్చుండబెట్టి ఎవరును దీనిని బోధింపరు. ఇంటి గాలిలోనే ఆ నియమము ఉండును. ఇంత బలమైన నియమము గల యిండ్లలో సైతము కొందరు మద్యమునకు దాసులగుటకు కారణమేమి? అట్లయినవారిని మరల దారికి తెచ్చుటలో ఆ నియమము తోడ్పడుచున్నదా, లేక అడ్డుపడుచున్నదా? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ పాఠమునకు ప్రయోజనము.

విచారణకు క్షేత్రము కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ గద్వాల, కృష్ణ కావలి వనపర్తి, నల్లమల నానుకొనిన నాగర్‌కర్నూలు. గద్వాల, వనపర్తి నిజాము కాలమున సంస్థానములు. ఈ మూడు ప్రాంతములును 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి వేరుపడి జిల్లాలైనవి. ఒక ప్రక్క శ్రీశైల మల్లికార్జునుని యాత్రకు పోవు బాటలు, మరియొక ప్రక్క శరణుల వచనములు నేటికిని వినవచ్చు రాయచూరు సీమ. ఇట్టి నేలపైననే కల్లు కంపౌండులును, మద్యపు దుకాణములును, ఊరూరి బెల్టు షాపులును కలవు.

1. మూడు త్రాళ్ళు

మనుష్యుడు గ్లాసు నెత్తుటకు గాని దించుటకు గాని మూడు త్రాళ్ళు అతనిని లాగుచుండును. మొదటిది లోకాచారము: చుట్టునున్నవారు ఏమి చేయుచున్నారని అతడు తలచునో అది. రెండవది లోకసమ్మతి: తాను త్రాగినచో చుట్టునున్నవారు మెత్తురా, గర్హింతురా అని అతడు ఎంచునది. మూడవది స్వమతము: మద్యమును గూర్చి అతని మనస్సు లోలోపల ఏమనుచున్నదో అది.

ఈ మూడును ఒకే దిక్కునకు లాగినప్పుడు నడక సులభము. ఇవి వేర్వేరు దిక్కులకు లాగినప్పుడే చిక్కు. ఇంటిలో సమ్మతి లేదు, స్నేహితులలో సమ్మతి కలదు. మనస్సు వలదనును, చేయి సీసను అందుకొనును. త్రాగినవానిని చూచి 'వానికి బుద్ధిలేదు' అని తేల్చివేయుట సులభమే. కాని అట్లు తేల్చినవాడు మూడు త్రాళ్ళలో ఒక్కదానినే చూచినవాడగును. మిగిలిన రెండింటి కొనలు ఊరివారి చేతిలోను, ఇంటివారి చేతిలోను ఉన్నవి.

2. లోకాచారము నిజముగా ఎట్లున్నది?

అమెరికా దేశపు సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ బేల్స్ 1946లో ప్రకటించిన వ్యాసమున మద్యము పట్ల సమాజములకు నాలుగు వైఖరులుండునని చెప్పెను: పూర్ణవర్జనము, పూజార్థము పుచ్చుకొనుట, స్నేహార్థము పుచ్చుకొనుట, స్వప్రయోజనార్థము పుచ్చుకొనుట. స్వప్రయోజనార్థమనగా శ్రమను, దుఃఖమును, చింతను పోగొట్టుకొనుటకై త్రాగుట. ఈ నాలుగింటిలో వ్యసనమునకు మిక్కిలి దగ్గరి దారి ఈ కడపటిదే అని ఆయన తేల్చెను.

ఈ నాలుగు వైఖరులును పాలమూరు నేలపై ఒకే ఊరిలో కానవచ్చును. లింగధారుల యిండ్లలో పూర్ణవర్జనము. గ్రామదేవతల కొలువులో కల్లు శాక పోయుట పూజార్థము. పెండ్లి ఖాయమైనప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, చావు దినములందు బంధువులు కూడి త్రాగుట స్నేహార్థము; దీనినే జనులు 'దావతు' అందురు. పగలెల్ల రాళ్ళు మోసి, మట్టి త్రవ్వి వచ్చిన కూలి 'ఒళ్ళు నొప్పులు పోవుటకు' అని పుచ్చుకొనునది స్వప్రయోజనార్థము. ఈ జిల్లాల కూలీలు దేశదేశములకు వలసపోయి ఆనకట్టలు, రహదారులు నిర్మించిన సంగతి లోకవిదితము. పరాయి ఊరి గుడిసెలలో ఇంటి పెద్ద లేడు, ఊరి పెద్ద లేడు. అలసట మాత్రము కలదు. కావున స్నేహార్థము మొదలైనది స్వప్రయోజనార్థముగా మారుటకు ఎంతో కాలము పట్టదు.

ఇక సంఖ్యలు. 2019–21 నడుమ జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున పదునైదేండ్లు నిండిన పురుషులలో నూటికి సుమారు 43 మంది మద్యము పుచ్చుకొందురు. దేశమంతటి లెక్క నూటికి సుమారు 19. స్త్రీలలో తెలంగాణము లెక్క నూటికి సుమారు 7, దేశపు లెక్క 1. ఇది భయము గొలుపు సంఖ్యయే. ఐనను దీనిని తలక్రిందుగా చదివినచో మరియొక సత్యము గోచరించును: ఈ రాష్ట్రమున నూటికి 57 మంది పురుషులు త్రాగరు. 'అందరు త్రాగుచున్నారు, నేనొక్కడనే ఏల మానవలెను?' అను యువకుని మాట లెక్కకు నిలువదు.

ఈ భ్రమ మన యువకులకే పరిమితము కాదు. 1986లో పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అను ఇద్దరు పరిశోధకులు అమెరికా కళాశాల విద్యార్థులను పరిశీలించిరి. తోటివారు మద్యమును ఎంతగా సమ్మతింతురని విద్యార్థులు తలచిరో, నిజమైన సమ్మతి అంతకన్న చాల తక్కువయని తేలెను. ఒక్కొక్కడును తన మనస్సులో మితమునే కోరుచు, తక్కినవారందరు వేరని భ్రమించెను. త్రాగినవాడు కేకలు వేయును గనుక అందరి కంట బడును. త్రాగనివాడు ఇంటికి పోయి నిద్రించును గనుక ఎవరికిని కానరాడు. లోకాచారమును గూర్చిన తప్పుడు లెక్క ఇట్లు పుట్టును.

3. మందు కల్లు

పాలమూరు ప్రాంతమున మద్యమును గూర్చి చెప్పునప్పుడు మందు కల్లును విడువరాదు. చెట్టునుండి దింపిన ఈత కల్లు, తాటి కల్లు వేరు. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలమ్ వంటి నిద్రమందులు కలిపి సీసలకెత్తునది వేరు. మొదటిది గీత కాయకము, రెండవది మోసము. చెట్లు చాలనిచోట, గిరాకి పెరిగినచోట ఈ మోసము పుట్టుచున్నది. మోకు కట్టి చెట్టెక్కు గీత కార్మికుని దీనికై నిందించుట న్యాయము కాదు.

దీని గుణము కడు క్రూరము. త్రాగువాడు తనకు కల్లే అలవాటనుకొనును. నిజమునకు అతని మెదడు నిద్రమందునకు అలవాటుపడును. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీ కల్లుపై దాడులు ముమ్మరము చేయగా నిజామాబాదు, మహబూబ్‌నగర్ మొదలైన జిల్లాలలో మందు కల్లు ఒక్కసారిగా దొరకక అనేకులు వణకుచు, మూర్ఛలు వచ్చి, పిచ్చిగా మాటలాడుచు ఆస్పత్రుల పాలైరి; కొందరు మరణించిరి. సరఫరాను నిలుపుట మంచి పనియే. కాని అలవాటుపడిన దేహమునకు చికిత్స సిద్ధము చేయక సరఫరాను మాత్రమే నిలిపినచో ప్రాణములకే మోసము వచ్చునని ఆ నెల నేర్పినది.

4. దాచు ఇల్లు

ఇట్టి ఒక కుటుంబమును ఊహింపుడు. ఇది నడిగడ్డలో ఏ ఊరనైనను జరుగదగిన కథయే.

చిన్న కిరాణా దుకాణము నడుపు లింగధారి. నిత్యము స్నానము చేసి ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని పూజించిన పిమ్మటనే దుకాణము తలుపు తీయువాడు. సరకులకై పట్టణమునకు పోయినప్పుడు ఒకనాడు తోటి వ్యాపారులు దావతుకు పిలిచిరి. "ఏం శెట్టీ, ఒక్క గ్లాసుకు లింగం మైలపడ్తదా?" అని ఒకడు నవ్వెను. ఆ నవ్వునకు జంకి అతడు పుచ్చుకొనెను. ఇంటికి వచ్చి ఎవరికిని చెప్పలేదు. మరుసటివారము మరల పుచ్చుకొనెను. ఈసారి ఎవరును నవ్వనక్కరలేకపోయెను.

ఒక సంవత్సరములో ఇంటివారికి తెలిసెను. తల్లి కోడలిని పిలిచి "బయట చెప్పకు బిడ్డా, ఇంట్ల ఆడపిల్ల పెండ్లి కావాలె" అనెను. నాటినుండి ఇల్లంతయు దాచుటలో పడెను. దుకాణము మూసియున్నచో "పానం బాగలేదు" అని చెప్పిరి. మఠమునకు పోవుట తగ్గించిరి. స్వామివారు ఊరికి వచ్చినచో అతడు లేడని చెప్పిరి. అప్పులు భార్య తీర్చెను. గద్వాల ఆస్పత్రికి తీసికొనిపోవుదమని ఆమె అన్నచో, అక్కడ ఎవరైన చూచెదరని అత్తగారు వారించిరి.

ఒక ఉదయమున అతడు ఇష్టలింగమును అరచేత నుంచుకొనగా చేయి వణకెను. లింగము జారిపడునేమోయని భయపడి సజ్జలో నుంచి లేచిపోయెను. మరునాడును అంతే. నాటినుండి పూజ మానెను. ఇంటివారు 'వీనికి భక్తి నశించినది' అని ఏడ్చిరి. భక్తి నశింపలేదు. ఉదయమున చేతులు వణకుట మద్యమునకు అలవాటుపడిన దేహము చూపు లక్షణము. రాత్రి పుచ్చుకొనిన మద్యము రక్తమునుండి తొలగుచున్నప్పుడు నరములు ఉద్రేకించి అట్లు జరుగును. ఆ వణకును వైద్యుడు చూచియున్నచో వ్యాధి యనియుండును. ఇంటివారు చూచి పాపమనిరి. పాపమని తలచినందున దాచిరి. దాచినందున అది ముదిరెను.

ఈ కథలో 'త్రాగరాదు' అను కట్టుబాటు చెడ్డది కాదు. అది అతనిని ముప్పది యేండ్లు కాపాడినది. కాని అతడు జారిన నాడు అదే కట్టుబాటు 'చెప్పరాదు' అను మరియొక కట్టుబాటుగా మారినది. మొదటిది సదాచారము, రెండవది కేవలము లోకభయము. ఈ రెండింటిని వేరుపరచి చూడనేర్చుటయే ఈ పాఠములోని ముఖ్యాంశము.

ఇట్లు దాచువారి సంఖ్య ఎంతటిదో కేంద్రప్రభుత్వము 2019లో ప్రకటించిన సర్వే చూపుచున్నది. దేశమున మద్యము వలన చికిత్స లేక సహాయము అవసరమైనవారు సుమారు 5.7 కోట్లు. మద్యమునకు పూర్తిగా బానిసలైనవారిలో ఏదో యొక చికిత్స పొందినవాడు 38 మందిలో ఒక్కడు.

5. నాలుగు ప్రశ్నలు

అలవాటు వ్యసనమైనదని గుర్తించుటెట్లు? 1984లో జాన్ ఈవింగ్ అను వైద్యుడు నాలుగు సులభమైన ప్రశ్నలను వైద్యలోకమునకు అందించెను. వాని సారమిది: తగ్గించుకొనవలెనని ఎప్పుడైన అనిపించినదా? త్రాగుటను గూర్చి ఇతరులు మందలించినప్పుడు కోపము వచ్చినదా? త్రాగినందుకు లోలోపల తప్పు చేసితినని బాధ కలిగినదా? తెల్లవారగానే వణకు తగ్గుటకు గాని ఒళ్ళు కుదుటపడుటకు గాని పుచ్చుకొనవలసి వచ్చినదా? వీనిలో రెండింటికి అవునని సమాధానము వచ్చినచో వైద్యుని చూచుట మేలు.

ఈ ప్రశ్నలను మూడు త్రాళ్ళతో పోల్చి చూచిన ఒక విశేషము తెలియును. ఇతరుల మందలింపునకు కోపము వచ్చుట లోకసమ్మతితో పెనుగులాట. తగ్గించుకొనవలెననుకొనుట, తప్పు చేసితినని బాధపడుట స్వమతము. కడపటి ప్రశ్న ఒక్కటే దేహమునకు సంబంధించినది. అనగా వ్యసనములోనున్నవాని మనస్సు నిద్రించుట లేదు. అది అతనిని నిత్యము గర్హించుచునే యున్నది. తానే తనను గర్హించుకొనుచున్నవానిని ఇతరులు మరింత గర్హించినచో, ఆ బాధను మరచుటకు అతడు మరల సీసనే అందుకొనును. గర్హణ త్రాగక ముందు కంచె వంటిది. వ్యసనము పట్టిన పిమ్మట అదే ముల్లగును.

6. సమ్మతి మారిన చరిత్ర

లోకసమ్మతి మారదనువారికి నెల్లూరు జిల్లా దూబగుంట సమాధానము. 1990 దశకారంభమున అక్షరాస్యతా ఉద్యమపు వాచకములో, ఆడవారు ఏకమై సారా దుకాణము మూయించిన పాఠమొకటి యుండెను. దానిని చదివిన దూబగుంట స్త్రీలు పాఠమును ఆచరణలో పెట్టిరి. 1992లో ఆ కదలిక ఊరూర ప్రాకినది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే యేడు అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. మద్యనిషేధమునకై రాజ్యము యత్నింపవలెనని రాజ్యాంగము 47వ అధికరణములో చెప్పియున్నను, మద్యపు రాబడి నాడును నేడును ఖజానాకు ఆధారముగానే యున్నది. నిజాము కాలపు ఆబ్కారీ నుండి వచ్చుచున్న రీతి ఇది.

దూబగుంట స్త్రీలు త్రాగుబోతుల యిండ్ల ఆడవారే. అంతవరకు ఒక్కొక్కతెయు తన యింటి గోడు తనకే యనుకొని దాచుకొనెను. రాత్రిబడిలో కూర్చున్నప్పుడు, నీ యింటను ఇదియేనా, మా యింటను ఇదియే యని తెలిసెను. దాచుట మానిన నాడే బలము పుట్టెను. శాసనము తరువాత వచ్చెను. శాసనము సడలిన పిమ్మట కట్టుబాటును నిలుపు భారము మరల ఇండ్లపైననే పడెను.

7. మాల చెప్పు రహస్యము

ఒక దినము కూడ మానలేనివాడు దీక్షామాల ధరించి నలుబది యొక్క దినములు చుక్క ముట్టకుండుట ఈ జిల్లాలలో అందరు ఎరిగినదే. అయ్యప్ప దీక్షలో నేమి, శ్రీశైలమునకు పోవు శివదీక్షలో నేమి, ఇది జరుగుచున్నది. మనిషి అతడే. మనస్సు అదే. మరి బలమెక్కడిది? భక్తి ఒక కారణము. రెండవ కారణము ఊరు. మాల మెడలో పడగానే ఊరు అతనిని 'స్వామీ' యని పిలుచును. ఎవడును గ్లాసు చాపడు. చాపినవానినే పదిమంది తప్పుపట్టుదురు. మూడు త్రాళ్ళును ఒకే దిక్కునకు లాగుచున్నవి. మాల తీసిన మరునాడు మొదటి రెండు త్రాళ్ళు వదలును, మూడవది ఒంటరిదగును.

లింగధారికి దీక్ష నలుబది దినములది కాదు. ఇష్టలింగము ప్రాణమున్నంతవరకు మేనిపై నుండవలసినది. అట్టివానికి నిత్యదీక్షాపరుని గౌరవము నిచ్చి, అతడు త్రాగడని నమ్మి, అట్లే మన్నించు బంధువులు చుట్టునున్నచో ఆ గౌరవమే కంచె యగును. ఒకమారు జారినను 'నీవు స్వామివే' అని మరల పిలుచువారున్నచో అతడు మరల లేచును. ఐతే ఒక హెచ్చరిక: చిరకాలము నిత్యము త్రాగినవాడు దీక్ష పేరిట ఒక్కసారిగా మానుట దేహమునకు అపాయము కావచ్చును. దీక్షకు ముందు వైద్యుని చూపవలెను.

8. శరణుల మార్గము

పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బసవన్న చుట్టును చేరిన శరణులలో హెండద మారయ్య యొకడు. కన్నడమున హెండమనగా కల్లు. కల్లు విక్రయించుట ఆయన వృత్తి. ఆయన పేర వచనములు కలవు. అందు తన వృత్తిలోని మాటలతోనే ఆధ్యాత్మికార్థమును చెప్పెను. దుకాణమునకు వచ్చినవారికి మంచి మాటలు చెప్పి మనస్సు మరల్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. నేటి గృహస్థుడు ఇక్కడ ఒక క్షణము ఆగి ఆలోచింపవలెను. కల్లు అమ్మువానినే శరణుడని కౌగిలించుకొనిన సంఘము, కల్లు త్రాగి దుఃఖించుచున్న తన యింటి బిడ్డను గడపకు వెలుపల నుంచుట తగునా?

లోకమును దిద్దబోవుటకు ముందు తన తనువును, తన మనస్సును దిద్దుకొనవలెనన్నది బసవన్న బోధ. ఎదుటివానిని 'వీడెవడు' అని త్రోయక 'మావాడు' అని చేర్చుకొనవలెనన్నదియు ఆయన బోధయే. మొదటి బోధను త్రాగువానికి మాత్రమే చెప్పి, రెండవ బోధను తాము మరచుట న్యాయము కాదు. భృత్యాచారమనగా అందరు శరణులకు తాను సేవకుడనను వినయము. గణాచారమనగా సంఘమునకు కీడు కలిగినప్పుడు సహింపక నిలుచు ధైర్యము. మద్యవ్యసనము విషయమున ఈ రెండును కలిసి నడువవలెను: దుకాణము ఎదుట గణాచారము, వ్యసనపరుని ఎదుట భృత్యాచారము. పెక్కిండ్లలో నేడిది తారుమారైనది. దుకాణదారుని ఎదుట వినయము, రోగి ఎదుట రౌద్రము కానవచ్చుచున్నవి.

9. గృహములకును మఠములకును సూచనలు

(అ) దాచరాదు, చాటరాదు. వ్యసనమును రచ్చబండపై చాటనక్కరలేదు. కాని నమ్మదగిన ఒక పెద్దకు, ఒక వైద్యునికి చెప్పితీరవలెను. 1935లో అమెరికాలో ఇద్దరు వ్యసనపరులతో మొదలై లోకమంతట వ్యాపించిన 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అను సంఘమున సభ్యులు తమ పూర్తి పేరు బయటపెట్టరు. పేరు దాచి బాధ చెప్పుకొందురు. మన యిండ్లలో బాధను దాచి పేరు కాపాడుకొందురు.

(ఆ) ఒక్కసారిగా మాన్పించుటకై గదిలో బంధింపరాదు. నిత్యము అధికముగా త్రాగువాడు హఠాత్తుగా మానినచో కొన్ని గంటలలో వణకు, చెమట, నిద్రలేమి మొదలగును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండు మొదలు నాలుగు దినముల నడుమ మతి తప్పి లేనివి చూచుట, ప్రాణాపాయము సంభవింపవచ్చును. మందు కల్లు అలవాటైనవానికిని ఇట్టి ముప్పు కలదు. వైద్యుని పర్యవేక్షణలో తగిన మందులతోను, బి1 విటమినుతోను మాన్పింపవలెను. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మనోవైద్య సంస్థ కలదు. 14416 సంఖ్యకు ఫోను చేసిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహాదారులు తెలుగులోనే మాటలాడుదురు.

(ఇ) తెలియకుండ అన్నములో పొడులు కలుపరాదు. 'త్రాగుడు మాన్పించు మందు' అని అమ్ముడుపోవు వానిలో డైసల్ఫిరామ్ వంటి మందులుండిన, అది తెలియక త్రాగినవాని ప్రాణమునకే ముప్పు. ఆ మందు వైద్యుని సలహాతో, రోగి ఎరుకతో వాడదగినదే కాని మోసముతో పెట్టదగినది కాదు.

(ఈ) విందులలో కట్టుబాటును మాటలతో చెప్పవలెను. పెండ్లి విందులో మద్యము లేకుండుట చాలదు. 'మా యింట ఇది ఆచారము' అని పెద్దలు యువకుల యెదుట సంతోషముగా చెప్పవలెను. గ్లాసు చాపినవానికి నవ్వుచు కాదనుట ఎట్లో పిల్లలకు ముందే నేర్పవలెను. పైన కథలోని దుకాణదారునికి నియమము తెలియును. నవ్వినవానికి బదులు చెప్పుట మాత్రము ఎవరును నేర్పలేదు.

(ఉ) మఠములందు తలుపు తెరచియుంచవలెను. ఊరికి వచ్చు జంగమస్వాములు 'అతడు లేడు' అన్న మాటకు ఊరకే మరలక, ఆ యింటి తల్లిని, భార్యను ఒంటరిగా కుశలమడిగినచో చాల యిండ్లలో ఏండ్లనాటి ముడి విడును. స్వామివారు 'వైద్యునికడకు పొండు' అన్నచో ఆస్పత్రికి పోవుట అవమానము కాదు, ఆజ్ఞాపాలనమగును. సమ్మతిని మార్చు శక్తి మఠమునకు ఇంతటిది.

(ఊ) చికిత్స పొందినవాడు మరల జారినచో అంతయు వ్యర్థమైనదని తలపరాదు. ఈ వ్యాధిలో మరల జారుట తరచుగా జరుగునదే. మొదటిమారు చూపిన ఓర్పునే రెండవమారును చూపవలెను.

ఉపసంహారము

పైన చెప్పిన కుటుంబము నొద్దకు మరల పోవుదము. సజ్జలో నుంచిన ఇష్టలింగము ఎదురుచూచుచున్నది. దానిని మరల ఆ అరచేతికి చేర్చు దారి ఏది? తల్లి 'బయట చెప్పకు' అన్న మాటను వెనుకకు తీసికొనవలెను. భార్య బండి కట్టించి ఆస్పత్రికి తీసికొనిపోవలెను. స్వామివారు వచ్చి ప్రక్కన కూర్చుండవలెను. తోటి వ్యాపారి నవ్వుట మానవలెను. అతడు తన మనస్సు ఎన్నడో చెప్పిన మాటను వినవలెను. ఈ పనులలో అతని చేతిలోనున్నది ఒక్కటే. తక్కినవన్నియు మన చేతులలోనివి. వణకు చికిత్సతో తగ్గును. చేయి నిలిచిన నాడు లింగము అరచేత నిలుచును.

స్వాధ్యాయ ప్రశ్నలు

1. లోకాచారము, లోకసమ్మతి, స్వమతము – వీని భేదమేమి? మీ ఊరినుండి ఒక్కొక్కదానికి ఒక ఉదాహరణ మిండు.
2. 'త్రాగరాదు' అను కట్టుబాటు 'చెప్పరాదు' అను కట్టుబాటుగా ఎట్లు మారును? అట్లు మారకుండుటకు మీ యింట ఏమి చేయవచ్చును?
3. దీక్షామాల ధరించినవాడు నిలుచుటకు, మాల తీసిన పిమ్మట జారుటకు కారణములు చెప్పుడు.
4. మందు కల్లునకు అలవాటుపడినవానిని హఠాత్తుగా మాన్పింపరాదనుటకు హేతువేమి?
5. మద్యవ్యసనము విషయమున భృత్యాచార గణాచారములను ఏయే చోట్ల ఆచరింపవలెను?

శరణు శరణార్థి.